పళ్ళెంలోని అన్నం, ఫోనులోని అంకె

సింగపూరుకు ఉత్తరాన, జొహోర్ జలసంధికి చేరువలో ఉన్న క్రాంజీకి ఆ పేరు ఒక చెట్టు వలన వచ్చింది. చింతకు దూరపు బంధువైన ఆ చెట్టు కాయలో పులుపూ తీపీ కలిసిన గుజ్జు ఉంటుంది. నేటి క్రాంజీలో జలాశయం, కూరగాయల తోటలు, యుద్ధ వీరుల శ్మశానవాటిక ఒకవైపు ఉండగా, మరొకవైపు సుంగై కడుట్ కర్మాగారాలూ, వలస కార్మికుల వసతి గృహాలూ కనిపిస్తాయి. సింగపూరులోని ఇటువంటి వసతి గృహాలలో తెలుగు జిల్లాల నుండి వచ్చినవారూ ఉన్నారు. వసతి గృహవాసులలో చాలామందికి భోజనం క్యాటరింగ్ పొట్లాల రూపంలో వస్తుంది. మధ్యాహ్నం తినవలసిన పొట్లం కూడా పనికి బయలుదేరే వేళకే చేతికందుతుంది. అందులో సింహభాగం తెల్లన్నం. ఆ పొట్లం విప్పినవారి రెండవ చేతిలో సాధారణంగా ఒక ఫోను ఉంటుంది. తినే ప్రతి పదార్థానికీ గ్లైసీమిక్ ఇండెక్స్ ఎంతో చెప్పే యాప్‌లు నేడు ఆ ఫోనులో ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి చెప్పే అంకెను ఎంతవరకు నమ్మవచ్చునన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ ప్రశ్న భారతీయ సంతతివారికి మరింత ముఖ్యమైనది. 2010లో సింగపూరు ప్రభుత్వం జరిపిన ఆరోగ్య సర్వేలో వయోజనులలో మధుమేహం చైనీయులలో 9.7 శాతం ఉండగా, భారతీయులలో 17.2 శాతంగా తేలింది. 2016లో ఆ దేశ ఆరోగ్య మంత్రి మధుమేహంపై యుద్ధం ప్రకటించారు. 2022 డిసెంబరు 30 నుండి డబ్బాలలో, సీసాలలో అమ్మే పానీయాలపై చక్కెరను బట్టి ‘ఎ’ నుండి ‘డి’ వరకు శ్రేణి ముద్రించడం మొదలైంది. మరుసటి ఏడాది చివరకు అప్పటికప్పుడు కలిపి ఇచ్చే టీ, కాఫీలకూ ఆ నియమం వర్తించింది. చక్కెర వద్దనుకున్నవారు టీకొట్టులో ‘కోసాంగ్’ అంటే చాలు. అన్నం విషయంలో అటువంటి ఒక్క మాట లేదు. అందుకే ఫోనులోని అంకెకు అంత గిరాకీ.

గ్లైసీమిక్ ఇండెక్స్ అనే భావనను 1981లో టొరాంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. అంతవరకు చక్కెర త్వరగా, పిండిపదార్థాలు నెమ్మదిగా రక్తంలోకి చేరతాయన్న నమ్మకం ఉండేది. ఆ బృందం 62 పదార్థాలను మనుషులకు తినిపించి పరీక్షించగా ఆ నమ్మకం నిలవలేదు. కొన్ని పిండిపదార్థాలు పంచదార కంటె వేగంగా గ్లూకోజును పెంచాయి. పప్పుధాన్యాలు మాత్రం చాలా నిదానంగా పెంచాయి.

పరీక్షా విధానం సులభంగానే అర్థమవుతుంది. రాత్రి ఉపవాసం ఉన్న ఆరోగ్యవంతులకు కనీసం పదిమందికి, 50 గ్రాముల జీర్ణమయ్యే పిండిపదార్థం ఉండేటంత ఆహారం పెడతారు. తరువాత రెండు గంటలపాటు, మొదటి గంటలో పావుగంటకొకసారి, రెండవ గంటలో అరగంటకొకసారి రక్తం తీసి గ్లూకోజును కొలిచి గ్రాఫు గీస్తారు. అదే మనిషి వేరొక రోజున 50 గ్రాముల గ్లూకోజు తాగినప్పటి గ్రాఫుతో దీనిని పోలుస్తారు. గ్లూకోజు గ్రాఫు క్రింది వైశాల్యాన్ని 100 అనుకుంటే, ఆహారపు గ్రాఫు వైశాల్యం అందులో ఎన్నవ వంతో చెప్పేదే ఆ అంకె. 55, అంతకు లోపు తక్కువ. 70, అంతకు మించితే ఎక్కువ. ఇటువంటి ఫలితాలను కూర్చి 2021లో ప్రచురించిన అంతర్జాతీయ పట్టికలో నాలుగు వేలకు పైగా పదార్థాలున్నాయి. సిడ్నీ విశ్వవిద్యాలయం కూడా ఇటువంటి సమాచార నిధినే నిర్వహిస్తున్నది. యాప్ స్వయంగా ఏదీ కొలవదు; ఇటువంటి పట్టికలలోని అంకెను తెచ్చి చూపుతుంది, అంతే.

చిక్కంతా తెలుగువారి పళ్ళెం దగ్గరే మొదలవుతుంది. యాప్‌లో ‘తెల్లన్నం’ అని వెదికితే ఒక అంకె వస్తుంది. కాని బియ్యమన్నది ఒకటి కాదు. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్ అనే భాగం ఎక్కువైతే మెతుకు పొడిపొడిగా ఉండి నెమ్మదిగా జీర్ణమవుతుంది. తక్కువైతే మెత్తగా ముద్దకట్టి త్వరగా చక్కెరగా మారుతుంది. ఆగ్నేయాసియాలో విరివిగా తినే జాస్మిన్ బియ్యం ఈ రెండవ జాతిది. దాని ఇండెక్స్ కొన్ని పరీక్షలలో గ్లూకోజుకు సమానంగా వచ్చింది. బాస్మతి దానికంటె చాలా తక్కువ. బాపట్లలో రూపొందిన సాంబమసూరికి తెగులును తట్టుకునే గుణం చేర్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు తయారుచేసిన మెరుగుపరచిన సాంబమసూరికీ, తెలంగాణ సోనాకూ ఇండెక్స్ 51 ప్రాంతంలో ఉన్నట్లు తేలింది. లిటిల్ ఇండియాలో బియ్యం బస్తా కొనే తెలుగు గృహిణికి ఈ తేడా తెలుసుకోదగినది. క్రాంజీలో పొట్లం అందుకునే కార్మికునికి బియ్యం ఎంచుకునే వీలే లేదు. రాగి విషయంలో భ్రమ మరొక రకం. రాగులు మంచివన్న మాట నిజమే గాని, మెత్తగా విసిరి జావ కాస్తే పిండి త్వరగా జీర్ణమై ఇండెక్స్ బాగా పెరుగుతుంది.

అంకె తక్కువని రెండు పూటల అన్నం ఒక పూటే తింటే ఏమవుతుంది? ఇక్కడ చిన్న గుణకారం అవసరం. ఆహారంలోని పిండిపదార్థపు గ్రాములను ఇండెక్స్‌తో గుణించి నూటితో భాగిస్తే వచ్చేది గ్లైసీమిక్ లోడ్. 150 గ్రాముల అన్నంలో సుమారు 42 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఇండెక్స్ 75 అయితే లోడ్ 31కి కొంచెం పైన. ఇండెక్స్ 52 ఉన్న మేలురకం బియ్యమైతే 22 మాత్రమే. కాని ఆ ధీమాతో మారు వడ్డించుకుంటే 44కు చేరుతుంది. పుచ్చకాయ ఇందుకు తలక్రిందులు: ఇండెక్స్ ఎక్కువే అయినా అందులో అధికభాగం నీరు గనుక, ఒక ముక్క వలన లోడ్ స్వల్పం. ఇండెక్స్ ఒక్కటే చూపి పరిమాణం అడగని యాప్ సగం సంగతే చెబుతున్నదన్నమాట.

ఇక తినే తీరు. సింగపూరు పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఒకే తెల్లన్నాన్ని చెంచాతోనూ, చైనా పుల్లలతోనూ, చేతి వేళ్ళతోనూ తినిపించారు. చెంచాతో తిన్నప్పుడు ఇండెక్స్ 81, పుల్లలతో తిన్నప్పుడు 68 వచ్చింది. పుల్లలతో తినేటప్పుడు చిన్న చిన్న ముద్దలు నిదానంగా నోటికి చేరడం దీనికి కారణంగా తోస్తుంది. చేతితో తిన్నప్పటి ఫలితం ఈ రెంటిలో దేనితోనూ చెప్పుకోదగిన భేదం చూపలేదు. కనుక చేతి భోజనాన్ని సమర్థించేవారికీ, విమర్శించేవారికీ ఇందులో ఆధారం దొరకదు. 2020లో అక్కడివారే ప్రచురించిన మరొక అధ్యయనంలో ముందు కూరగాయలు, తరువాత మాంసం, చివర అన్నం తిన్నప్పుడు గ్లూకోజు పెరుగుదల తగ్గింది. పొట్లంలో బియ్యం మార్చుకోలేని మనిషి కూడా వరుస మార్చుకోవచ్చు.

చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం గట్టిపడి జీర్ణానికి లొంగదు. అందువలన ఇండెక్స్ కొంత తగ్గుతుంది. ఉదయం వండిన పొట్లం మధ్యాహ్నానికి ఆ విధంగా మేలే గదా అనిపించవచ్చు. కాని సింగపూరు ఉక్కపోతలో గంటల తరబడి నిలిచిన అన్నంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు. వాంతులు కలిగించే దాని విషం మళ్ళీ వేడిచేసినా పోదు. క్యాటరింగ్ భోజనాన్ని వండిన నాలుగు గంటలలోపు తినాలన్న నియమం అందుకే. చల్లార్చదలచినవారు ఫ్రిజ్‌లో చల్లార్చవలసిందే.

ఇవన్నీ సరిచూసుకున్నా మనిషికీ మనిషికీ తేడా మిగులుతుంది. 2015లో ఇజ్రాయిల్‌లోని వైజ్‌మాన్ సంస్థ పరిశోధకులు 800 మందికి నిరంతర గ్లూకోజు సెన్సార్లు అమర్చి చూడగా, ఒకే భోజనం ఒకరిలో గ్లూకోజును బాగా పెంచి మరొకరిలో కొద్దిగానే పెంచింది. అందుచేత పట్టికలోని సగటు కంటె సొంత గ్లూకోమీటరు చెప్పే సాక్ష్యం బలమైనది. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుండి రెండు గంటలకు ఒకసారి పరీక్షించి, ఆ రెండు అంకెలనూ భోజనం పేరు, పరిమాణం పక్కన యాప్‌లో రాసుకుంటే, కొద్ది వారాలలో ఆ ఇంటి పులిహోరకూ, ఆ ఇంటి ఇడ్లీకీ సొంత పట్టిక తయారవుతుంది. యాప్‌కు నిజమైన ఉపయోగం ఇదే.

2021లో ప్రచురితమైన సింగపూరు పరిశోధన ఒకటి దీనిని బలపరుస్తుంది. మధుమేహం ఉండి బరువు ఎక్కువైన 204 మందిలో కొందరికి ఆహారం, వ్యాయామం, గ్లూకోజు నమోదు చేసే యాప్ ఇచ్చి, ఆహార నిపుణుల సలహా కూడా దాని ద్వారానే అందించారు. ఆరు నెలలలో వారు సగటున 3.6 కిలోలు తగ్గారు, తక్కినవారు 1.2 కిలోలు. మూడు నెలల సగటు గ్లూకోజును సూచించే హెచ్‌బిఎ1సి వారిలో 0.7, తక్కినవారిలో 0.3 తగ్గింది. అక్కడ యాప్ వెనుక ఒక మనిషి ఉన్నారన్నది మరువరాదు.

ఇన్సులిన్ గాని, గ్లూకోజును బలంగా తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడేవారు వైద్యునికి చెప్పకుండా అన్నాన్ని ఒక్కసారిగా తగ్గించరాదు. ఎండలో బరువు పని చేసేవారిలో గ్లూకోజు పడిపోయే ప్రమాదం మరీ ఎక్కువ. చెమటలు, వణుకు, తికమక మొదలైనప్పుడు యాప్‌లో పచ్చరంగు చూపే శనగలు ఎందుకూ పనికిరావు. ఎర్రరంగు చూపే గ్లూకోజే అప్పటి మందు: 15 గ్రాములు నీటిలో కలిపి తాగి, పావుగంట ఆగి పరీక్షించి, పెరగకపోతే మళ్ళీ తాగాలి. చాక్లెట్‌లోని కొవ్వు గ్లూకోజును ఆలస్యం చేస్తుంది గనుక అది సరిపోదు. గ్లూకోజు పొట్లం ఒకటి పని దుస్తుల జేబులో ఉండాలి; దాని సంగతి పక్కన పనిచేసేవానికి కూడా తెలిసి ఉండాలి.