అట్రాక్టివ్ న్యూసెన్స్

పక్కింటి పిల్లాడు గోడ దూకి వచ్చి మీ స్విమ్మింగ్ పూల్‌లో పడితే పూచీ ఎవరిది? ‘పిలవకుండా వచ్చాడు, మాకేం సంబంధం’ అంటే అమెరికా కోర్టులు చాలాచోట్ల ఒప్పుకోవు. తెలిసీ తెలియని వయసు పిల్లల్ని లాగే ప్రమాదాన్ని అడ్డూ అదుపూ లేకుండా వదిలేసినవారే జవాబుదారీ అంటాయి. ఆ సూత్రమే అట్రాక్టివ్ న్యూసెన్స్.

ఇది పుట్టింది పూల్ దగ్గర కాదు, రైలు పట్టాల దగ్గర. నెబ్రాస్కాలో ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్‌కు తాళం లేదు. దానిమీద ఆడుతూ ఆరేళ్ల బాలుడు పాదం నలగ్గొట్టుకున్నాడు. రైల్వే కంపెనీ పరిహారం ఇవ్వాలన్న తీర్పును 1873లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది.

మరి ఇల్లు అద్దెకిస్తే? చిక్కంతా ఇక్కడే. ఇల్లు మొత్తం అప్పగిస్తే పూల్ అదుపు అద్దెదారుకు వెళ్తుంది, ఓనరు చాలావరకు బయటపడతారు. గేటు గడియ పాడైందని తెలిసీ చెప్పకపోయినా, చట్టం అడిగిన కంచె కట్టకపోయినా మాత్రం తప్పించుకోవడం కష్టం. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి పూల్ సంరక్షణ యజమానిదే. టెక్సస్‌లో అలాంటి పూల్‌కు కనీసం 48 అంగుళాల కంచె ఉండాలి. ‘అన్నిటికీ అద్దెదారుదే బాధ్యత’ అని ఒప్పందంలో రాసుకుని ఓనర్లు నిశ్చింతగా ఉంటారు. దానిపై సంతకం చేయని పక్కింటి పిల్లాడి తరఫున దావా పడకుండా ఆ కాగితం ఆపలేదు.

డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఇల్లు అద్దెకిచ్చే మనవాళ్లు ఒకటి గమనించాలి: ఇలాంటి పరిహారం కట్టాల్సి వస్తే, సొంత కాపురానికి తీసుకున్న బీమా అద్దె ఇంటికి పనిచేయకపోవచ్చు. తాళాలిచ్చేలోపే పాలసీ మార్పించుకోండి.