గాదెలు లేని పల్లెలు

శ్రీకాకుళం రోడ్డు అను పేరుగల రైలుస్టేషను శ్రీకాకుళమున లేదు, ఆమదాలవలసయందున్నది. అచ్చట దిగి మార్గశిరమాసమున నాగావళి తీరపు పల్లెలవైపు పోవువారికి ఇరుప్రక్కల వరికళ్ళములే కానవచ్చును. వానిని జూచినపుడు మాకు గలిగిన చింతను పాఠకులకు విన్నవింపదలచితిమి. కళ్ళమున్నది; గాదె లేదు.

పూర్వము రైతు నేలను చదునుచేసి, పేడనీటితో నలికి, కళ్ళము సిద్ధపరచెడివాడు. ఎడ్లచే నూర్పించి, గాలికి తూర్పారబట్టి, ఎండిన గింజనే యింటికి జేర్చెడివాడు. వెదురుతో నల్లి పేడమన్ను మెత్తిన గాదె, గడ్డితాటిని చుట్టలుగా జుట్టి కట్టిన పురి, పెరటిలో పశువులశాల, దాని ప్రక్క గడ్డివామి: ఇవి యాతని సంసారమునకు నాలుగు స్తంభములు. తిండిగింజలును, విత్తనములును, పనిపాటలవారి కీయవలసిన మేరయు గాదెలోనే యుండెడివి.

అది బంగారుకాలమని మేమనము. జమీందారు భాగము పోయిన పిదప గాదె యడుగు గనబడిన యిండ్లు పెక్కు. 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ పీడ తొలగెను. కాని పంటకు వెల గట్టు నధికారము రైతు చేతికి రాలేదు.

నేడు కోతయంత్రము మడిలోనే కోసి నూర్చును. గింజ పచ్చిగానే సంచి కెక్కును. ప్రభుత్వపు కొనుగోలునకు తేమ నూటికి 17 వంతులు మించరాదు. చిరకాలము నిలువయుంచుటకు 14కు లోబడవలెను. ఆరబెట్టుటకు నేలయు, దాచుటకు చోటును లేనివాడు తేమపేర తరుగున కొప్పుకొని, అడిగిన వెలకే యమ్ముకొనును. దీనికి తోడు వానభయము. హుద్‌హుద్ 2014 అక్టోబరులోను, తిత్లీ 2018 అక్టోబరులోను ఈ తీరమును గొట్టినవి. కోతలనాట ముసురుపట్టినచో కళ్ళములోని గింజ మొలకెత్తును.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో అమిష్ అను క్రైస్తవశాఖవారు 18వ శతాబ్దమునుండి సేద్యము చేయుచున్నారు. వారిలో పెక్కురు నేటికిని గుఱ్ఱములతోనే దున్నుదురు. వారి కొట్టములు కొన్ని వాలునేల కానించి కట్టినవి. క్రింద పశువులు, పైన గడ్డియు ధాన్యమును. ఒకని కొట్టము కాలిపోయినచో ఇరుగుపొరుగువారందఱును గూడి, తరచుగా ఒక్క దినముననే క్రొత్తదాని చట్రమును నిలువబెట్టుదురు. కూలి లేదు, రేపు తన కాపద వచ్చినపుడు తక్కినవారు వత్తురను విశ్వాసమే కూలి.

ఈ ధర్మము మనకు క్రొత్తది గాదు. ఇల్లు గాలిన పొరుగువానికి తాటాకులు మోసుకొనిపోయిన పల్లెలే మనవి. ఇంటింట గాదె మరల రాకపోవచ్చును. ఊరికొక యుమ్మడి కళ్ళము, ఉమ్మడి ధాన్యాగారము రాగూడదా? 2007వ సంవత్సరపు గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగిలో ధాన్యముంచినవాడు రసీదుపై అప్పు బొందవచ్చును. ఆ రసీదు సాగుచేసిన కౌలురైతు పేరనే యుండవలెనని మా యభిప్రాయము.

సహకారము పేర వెలసిన ఆమదాలవలస చక్కెర కర్మాగారము మూతబడుటను ఈ ప్రాంతపు రైతు మఱవలేదు. కావున ధాన్యాగారపు లెక్కలు ప్రతినెలయు ఊరివారి యెదుట చదువవలెను. గాదెక్రింది పందికొక్కును తఱుమకున్న గాదె కట్టి ఫలమేమి?

భూమి రైతుదయ్యెను. తగిన వెల వచ్చువఱకు వేచియుండు శక్తియు నాతనికి గలిగిననాడే పల్లెకు స్వరాజ్యము వచ్చినదనవచ్చును.