గోదావరి డెల్టాలో వాయుకాలుష్య మూలాల అన్వేషణ: లోహ ఐసోటోపుల పాత్ర

1. ఉపోద్ఘాతం

జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం 2019లో ప్రారంభమైంది. వాయునాణ్యతా ప్రమాణాలను అందుకోలేని నగరాలలో రాజమహేంద్రవరం, ఏలూరు కూడా చేరాయి. పది మైక్రోమీటర్లకు మించని ధూళికణాలకు దేశంలో నిర్దేశించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. తూచి చూస్తే ధూళి ఎంత ఉన్నదో తెలుస్తుంది; అది లారీలదా, ఇటుక బట్టీలదా, రైసుమిల్లుల ఊకపొయ్యిలదా, పొలంలో కాల్చిన వరిగడ్డిదా అన్నది తెలియదు. మూలమెరుగని నియంత్రణ అసలు కారణాన్ని వదిలి, కంటికి కనిపించే పొగను మాత్రమే శిక్షించే ప్రమాదమున్నది.

2. లోహముద్ర

ఒకే మూలకానికి చెంది, ద్రవ్యరాశిలో భేదించే పరమాణువులే ఐసోటోపులు. సీసానికి 204, 206, 207, 208 అనే నాలుగు స్థిర ఐసోటోపులున్నాయి. యురేనియం క్షయంవల్ల 206, 207. థోరియం క్షయంవల్ల 208 కాలక్రమేణా పెరిగాయి. సీసం ఖనిజంగా వేరుపడినప్పుడు ఆ మాతృమూలకాలు దాదాపు దూరమవుతాయి కనుక, నాటి నిష్పత్తి అలాగే నిలిచిపోతుంది. కరిగించినా, కాల్చినా అది చెప్పుకోదగినంత మారదు. జింకు స్వభావం వేరు. కొలిమిలో తేలిక ఐసోటోపులు ముందుగా ఆవిరై సూక్ష్మ ధూళిలో చేరుతాయి. బరువైనవి చిట్టెంలో మిగులుతాయి. కనుక సీసం గని జాడను, జింకు కొలిమి జాడను సూచిస్తాయి.

3. గణన విధానం

ఊహాత్మకంగా, స్థానిక మట్టిలో 206/207 నిష్పత్తి 1.20, ఒక పారిశ్రామిక మూలంలో 1.10 అనుకుందాం. గాలిధూళిలో అది 1.14గా తేలితే, అందులోని సీసంలో సుమారు 60 శాతం ఆ పరిశ్రమదని గ్రహించవచ్చును. మూడవ మూలమున్నచో మరొక నిష్పత్తి అవసరమవుతుంది.

4. డెల్టాలో పాటించవలసిన జాగ్రత్తలు

గోదావరి ఒండ్రు ఒకే శిల నుండి పుట్టినది కాదు. దక్కను నల్లరాతి పీఠభూమి మట్టి, తూర్పున ఉన్న అతిప్రాచీన శిలల మట్టి అందులో కలిసి ఉన్నాయి. కావున ముందుగా స్థానిక నేల ముద్రను నిర్ధారించాలి. వరిపైరు నేల నుండే లోహాలను గ్రహిస్తుంది. దాని పొగలోని సీసం మట్టిని పోలి ఉండవచ్చును. అక్కడ పొటాషియం వంటి ఇతర సూచికలు తోడు కావాలి.

పాత సీసమూ పరిశోధకుని పొరపాటుకు గురిచేయగలదు. బ్రిటనులో సీసం కలిపిన పెట్రోలు 1999తో నిలిచిపోయినా, 2014-18 నడుమ లండనులో సేకరించిన ధూళిలోని సీసంలో 40 శాతం వరకు దానిదేనని 2021లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. భారతదేశంలో అటువంటి పెట్రోలు 2000లో నిలిచింది. రాజమహేంద్రవరం రహదారుల ధూళిని పరీక్షించేటప్పుడు ఈ సంగతిని విస్మరించరాదు.

5. ముగింపు

లోహ ఐసోటోపులు స్వయంగా తీర్పు చెప్పవు, సాక్ష్యమిస్తాయి. డెల్టా మట్టి, ఊకబూడిద, బట్టీపొగ, రహదారి ధూళి నమూనాల ముద్రలను ముందుగా నమోదు చేసినప్పుడే ఆ సాక్ష్యానికి విలువ. అప్పుడు నియంత్రణభారం రైతుపైనో, బట్టీపైనో ఊహతో కాక, ఆధారంతో పడుతుంది.