కిర్రుమంటే... చుక్క చాలు!

సైకిలు కిర్రుమంటోందా? చాలా ఇళ్లలో వెంటనే చేతికందేది కొబ్బరినూనె సీసా. చప్పుడు ఆగుతుంది... మూణ్నాళ్లే! ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్మూ ఇసుకా కలిసి ఆకురాయిలా చెయిన్‌ని అరగదీస్తాయి. పైగా చలికి ఆ నూనె పేరుకుపోతుంది.

మరేం చేయాలి? ముందు స్టాండు వేసి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో పాత బ్రష్షు పెట్టి చెయిన్‌ని రుద్ది కడగాలి. తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత ఒక్కో లింకు మీద ఒక్క చుక్క. పొడి రోజుల్లో పల్చటి కుట్టుమిషను నూనె చాలు, కాకపోతే తరచూ వేయాలి. వానాకాలంలో చిక్కటి చెయిన్ ఆయిలే నిలుస్తుంది. పెడల్‌ని పదిసార్లు వెనక్కి తిప్పి, పైన కనిపించే నూనెనంతా తుడిచేయాలి. నూనెతో పని లోపలే!

తిరిగే చెయిన్‌ని, పళ్లచక్రాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. వేళ్లు నలుగుతాయి.

అప్పుడప్పుడూ స్కేలుతో కొలవండి. ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు పెరిగిందా... చెయిన్ మార్చాల్సిందే. బద్ధకిస్తే పళ్లచక్రాలూ అరిగిపోతాయి. అప్పుడు ఖర్చు రెట్టింపు!