కనబడనిది, లేనిది

ఆసుపత్రుల పరీక్షాపత్రములలో తరచుగా కనబడు ఇంగ్లీషు మాట ‘అన్‌డిటెక్టబుల్’. దీనిని శ్రోతలకు తెలుగులో ఎట్లు చెప్పవలెను? ‘అదృశ్యము’ అందుమా, అది కంటికి మాత్రమే సంబంధించినది. ‘అగోచరము’ అందుమా, అది ఇంద్రియముల కన్నింటికిని అందనిది. ఇంగ్లీషు మాటలో వెదకుట అను భావము కూడ ఇమిడియున్నది. లాటిను భాషలో ‘టెగెరె’ యనగా కప్పుట. ‘డిటెక్ట్’ అనగా ఆ కప్పును తొలగించి బయటపెట్టుట. అట్లు వెదకినను పట్టుబడనిది అన్‌డిటెక్టబుల్.

పట్టుబడనిది లేనట్లేనా? మన శాస్త్రకారులు ఈ చిక్కును ఏనాడో విచారించిరి. భాట్ట మీమాంసకులును అద్వైతులును ‘అనుపలబ్ధి’ని, అనగా కనబడకపోవుటను, ఒక ప్రమాణముగా అంగీకరించిరి. కాని దానికొక నియమము పెట్టిరి. వెలుగున్న గదిలో కుండ కనబడకున్నచో కుండ లేదనవచ్చును. చీకటిగదిలో కనబడనంత మాత్రమున లేదనరాదు.

హెచ్.ఐ.వి. విషయమున ఈ విచక్షణ ప్రాణముతో కూడిన పని. పరీక్షలో ఒక మిల్లీలీటరు రక్తమున ఎన్ని వైరస్ ప్రతులున్నవో లెక్కింతురు. 20కి లేక 50కి తక్కువైనచో పెక్కు యంత్రములు లెక్కింపలేవు. అప్పుడు పత్రముపై ఈ మాట పడును. వైరస్ మాత్రము కొన్ని కణములలో నిద్రాణమై యుండును. మందు మానినచో సాధారణముగా కొద్ది వారములలోనే మరల విజృంభించును. కనుక ‘లేదు’ అని మందు మానుట ప్రమాదము.

‘ఎక్కడనో ఉన్నది గదా’ అని మనిషిని దూరముంచుటయు అంతే పొరపాటు. దంపతులలోను సహచరులలోను ఒకరికి మాత్రమే ఈ వైరస్ ఉండి, అది మందులతో అణగియున్న జంటలను ఐరోపాలో ‘పార్ట్‌నర్’ అను పరిశోధన పరిశీలించినది. ఒకరినుండి వేరొకరికి సోకిన సందర్భము ఒక్కటియు లేదని 2016లోను, 2019లోను ఫలితములు వెలువడినవి. మందులు క్రమముగా వాడుచు ఈ స్థితిలోనున్నవారి వలన లైంగిక సంపర్కముచే ఇతరులకు సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టపరచినది. మన దేశమున ప్రభుత్వము 2004 నుండి ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. ఈ వైరస్ ఉన్నవారిపై వివక్షను 2017 నాటి చట్టము నిషేధించినది.

కావున ఈ మాటకు ‘పరీక్షకు అందనిది’ అను తెలుగే మాకు సమంజసముగా తోచుచున్నది. అది మందు మానుమని చెప్పదు. మనిషిని విడువుమనియు చెప్పదు.