స్పోర్ట్సు కారునకు పట్టుగల టైర్లు

చెన్నపట్టణమునకు పడమట, శ్రీపెరుంబుదూరు చెంత, ఇరుంగాట్టుకోట్టైలో కార్ల పందెపుబాట కలదు. అచ్చట తన స్పోర్ట్సు కారును నడుపుకొనుటకై నా మేనల్లుడు మిక్కిలి పట్టుగల టైర్లు వేయించెను. బాటపై నవి జిగురువలె అంటుకొనెను. కాని యింటికి మరలుచుండగా వాన కురిసెను. కారు నీటిపై తేలి ప్రక్కకు జాఱెను. దైవవశమున ప్రాణాపాయము తప్పినది.

కారణము వినుడు. మెత్తని రబ్బరు తగినంత వేడెక్కిన పిమ్మట నేలను గట్టిగా పట్టును. కాని త్వరగా అరుగును, చలిలో బిఱుసెక్కును. పొడినేలపై పట్టు హెచ్చుటకై యిట్టి టైర్లకు చాళ్లు తక్కువగా నుంచెదరు. పొలములో చాలువలె, వానలో నీటికి దారి యిచ్చునవి యా చాళ్లే.

అమెరికా దేశపు నియమము ననుసరించి టైరు ప్రక్కన అరుగుదల అంకెను ముద్రింతురు. 100 ప్రమాణము, 200 అంకె గలది పరీక్షలో దానికి రెండింతలు మన్నును. అంకె తగ్గినకొలది సాధారణముగా పట్టు హెచ్చును, మన్నిక తగ్గును. ఒకే కారుతో వీథికిని పందెపుబాటకును పోవువాడు 200 అంకెకు తగ్గక, చాళ్లు చాలినంత లోతుగలవానిని కొనుట మేలు. తయారైన వారమును, సంవత్సరమును తెలుపు నాలుగంకెలను గూడ చూడవలెను. పాతబడిన రబ్బరు పట్టు విడుచును.

మీ యింటి యువకులు టైర్లు కొనబోవునప్పుడు, పందెములో నెంత పట్టునని గాక, వానలో ఇల్లు చేర్చునా యని యడుగుడు.