రాంగ్ నంబరండీ!

ఇంజనీరింగ్‌లో చేరగానే కొత్త సిమ్ తీసుకున్నాను. మొదటి వారం నుంచే రోజూ సాయంత్రం ఒక పెద్దాయన ఫోన్. "ఏరా, తిన్నావా?" అనేవారు. "రాంగ్ నంబరండీ" అని పెట్టేసేవాణ్ణి. పదోసారి విసుగొచ్చి అరిచేశాను. మళ్ళీ చేయలేదు. గొడవ వదిలింది అనుకున్నా కానీ మనసులో ఏదో గుచ్చుకుంది. అసలు తప్పు ఎక్కడుందా అని లెక్క వేసి చూశాను.

మన మొబైల్ నంబర్‌కి 10 అంకెలు. మొదటి అంకె 6, 7, 8, 9లలో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు కుదురుతాయి. దేశంలో మొబైల్ కనెక్షన్లు 100 కోట్లు దాటాయి. అంటే సగటున నాలుగు నంబర్లలో ఒకటి ఎవరో ఒకరి జేబులో ఉన్నట్టే. అందుకే ఒక్క అంకె తప్పు నొక్కినా ఎక్కడో ఫోన్ మోగే అవకాశం బాగా ఎక్కువ.

మరి ఆధార్ నంబర్‌లో ఒక అంకె తప్పు కొడితే వెంటనే దొరికిపోతుంది కదా? దాని 12వ అంకె చెక్ డిజిట్. ముందున్న 11 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టింది. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా లెక్క కుదరదు. ఫోన్ నంబర్‌కీ అలా పెట్టొచ్చుగా? పదో అంకెని చెక్ డిజిట్ చేసేస్తే మిగిలేవి 40 కోట్ల నంబర్లే. మన జనాభాకి చాలవు!

కానీ పెద్దాయన విషయం వేరు. వేలి పొరపాటైతే రోజూ అదే పొరపాటు జరగదు. వాడకుండా వదిలేసిన నంబర్లని కనీసం 90 రోజులు ఆపి, తర్వాత కొత్తవాళ్ళకి ఇస్తారు. నాకొచ్చింది అలాంటిదే అయ్యుండాలి. ఆయన పది అంకెలూ సరిగ్గానే నొక్కారు. నంబర్ కరెక్టే, మనిషే మారాడు. దీన్ని ఏ చెక్ డిజిటూ పట్టుకోలేదు.

అందుకే సిమ్ మార్చేముందు బ్యాంకులో, ఆధార్‌లో నంబర్ మార్పించుకోండి. లేకపోతే మీ ఓటీపీలు ఇంకొకరికి వెళ్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌లో కొత్త నంబర్ మీరే సేవ్ చేసి, పాతది తీసేయండి.

"ఈ నంబర్ ఇప్పుడు నాదండీ, మీ అబ్బాయి కొత్త నంబర్ కనుక్కోండి" అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. పదిసార్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఆయన నంబర్ ఇంకా నా కాల్ లిస్ట్‌లో ఉంది. ఇవాళ సాయంత్రం నేనే చేస్తాను.